జీపీఎస్ ట్రాకర్ సర్వర్‌కి సొంత ప్రోటోకాల్ హ్యాండ్లర్ రాయడం ఎలా? (జీటీ06 ప్యాకెట్లతో)

“ట్రాకర్ సర్వర్‌కి కనెక్ట్ అవుతోంది, లాగ్‌లో రెండు ఎక్స్‌లు, వాటి వెనక ఏదో చెత్త కనిపిస్తోంది, కాసేపటికి తెగిపోయి మళ్ళీ మొదలవుతోంది. ఏం చేయాలి?” ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఆ రెండు ఎక్స్‌లు చెత్త కాదు, ప్యాకెట్ ఆరంభ గుర్తులు. 120 అనే బైట్‌ని అక్షరంగా అచ్చు వేస్తే చిన్న ఎక్స్ అవుతుంది. పరికరం తన పేరు చెప్పి మీ జవాబు కోసం చూసింది. జవాబు రాలేదు కాబట్టి ఫోన్ పెట్టేసింది.

బైకులకు, స్కూలు బస్సులకు, లారీలకు పెట్టే చవక ట్రాకర్లలో చాలావరకు జీటీ06 ప్రోటోకాలో (ట్రాకర్, సర్వర్ మాట్లాడుకునే భాష), దానికి దగ్గరి చుట్టమో మాట్లాడతాయి. అందుకే ఉదాహరణకి దాన్నే తీసుకుంటున్నాం. ఫ్రేమ్ (ఒక పూర్తి ప్యాకెట్) విడదీయడం, సరిచూడడం, జవాబివ్వడం అనే పద్ధతి ఒంటబడితే కరెంటు మీటరైనా, తూకపు యంత్రమైనా పని ఇంతే. ఏఐఎస్-140 (మన దేశపు వాహన ట్రాకింగ్ ప్రమాణం) పరికరాలు మాత్రం కామాలతో విడగొట్టిన అక్షరాల వరుస పంపుతాయి. వాటికి 2 నుంచి 6 దాకా అంచెలు వేరేగా రాసుకోవాలి, మిగతావి పనికొస్తాయి.

మ్యాప్ మీద బండి కనిపిస్తే చాలు, కోడ్ రాయాలన్న పట్టుదల లేదు అనుకుంటే ట్రాక్‌కార్ అనే ఓపెన్ సోర్స్ సర్వర్ వేసుకుని, పరికరాన్ని దాని 5023 పోర్ట్‌కి తిప్పండి. సొంతంగా రాయాల్సిన అవసరం ఉన్నవాళ్ళు ముందుకు సాగండి.

కావలసినవి

పబ్లిక్ ఐపీ ఉన్న లినక్స్ సర్వర్ ఒకటి. మొదట్లో నెలవారీ అద్దెకు దొరికే అతి చిన్నది సరిపోతుంది.
పైథాన్ 3.9 లేదా ఆపైది. అందులోని అసింక్ఐవో లైబ్రరీ చాలు, బయటి ప్యాకేజీలేవీ అక్కర్లేదు.
డేటా ప్లాన్ ఉన్న సిమ్, ఏపీఎన్ సెట్ చేసిన ట్రాకర్.
మీ మోడల్‌కి తయారీదారు ఇచ్చే ప్రోటోకాల్ పీడీఎఫ్. అమ్మినవాణ్ణి అడిగి తీసుకోండి. “అన్నీ ఒకటే సార్” అంటే నమ్మకండి. పేరు ఒకటే అయినా ప్యాకెట్ నంబర్లు మోడల్‌ని బట్టి మారతాయి.
నెట్‌క్యాట్ (పరీక్ష బైట్లు పంపడానికి), టీసీపీడంప్ (వచ్చిపోయే బైట్లు చూడడానికి).

బైట్ల విలువలన్నీ ఇక్కడ దశాంశంలోనే ఉన్నాయి. పీడీఎఫ్‌లో పదహారాంశంలో ఉంటాయి. అక్కడ 78 అని కనిపిస్తే ఇక్కడ 120.

ప్యాకెట్ స్వరూపం ఇది: 120 120, పొడవు (1 బైట్), ప్యాకెట్ నంబర్ (1 బైట్), విషయం, వరుస సంఖ్య (2 బైట్లు), సీఆర్‌సీ (ప్యాకెట్ చెడిపోలేదని సరిచూసే సంఖ్య, 2 బైట్లు), చివర 13 10. పొడవులో ప్యాకెట్ నంబర్ నుంచి సీఆర్‌సీ దాకా వస్తాయి. ఆరంభ గుర్తులు, పొడవు బైట్, ముగింపు గుర్తులు లెక్కలోకి రావు. అంటే మొత్తం ప్యాకెట్ = పొడవు + 5.

1. ముందు పచ్చి బైట్లు పట్టుకోండి

హ్యాండ్లర్ (వచ్చిన ప్యాకెట్లను చదివి జవాబిచ్చే కోడ్) రాయకముందే ఒక పోర్ట్ తెరిచి, వచ్చినదాన్ని వచ్చినట్టు ఫైల్లో దాచే పది వరుసల సర్వర్ నడపండి. సర్వర్‌ని 127.0.0.1 మీద కాదు, 0.0.0.0 మీద కూర్చోబెట్టాలి. మొదటి గంట చాలామందికి ఇక్కడే పోతుంది: సొంత మెషీన్ నుంచి కనెక్ట్ అవుతుంది, ట్రాకర్ నుంచి అవ్వదు. క్లౌడ్ సర్వర్ అయితే అద్దె కంపెనీ ప్యానెల్‌లోని ఫైర్‌వాల్‌లో కూడా పోర్ట్ తెరవండి. లోపలి ఫైర్‌వాల్ ఒక్కటీ తెరిస్తే చాలదు.

వచ్చిన బైట్లను యూటీఎఫ్-8 అక్షరాలుగా మార్చే ప్రయత్నం చేయకండి. కింది నమూనాలోనే 137 ఉంది, అక్కడే ఎర్రర్ కొడుతుంది. లాగ్‌లో పదహారాంశంగా రాసుకోండి. 7878 అని మొదలైతే మీరు సరైన దారిలో ఉన్నట్టే. 7979 అని మొదలయ్యేవీ కొన్ని మోడళ్ళు పంపుతాయి (దశాంశంలో 121 121). వాటిలో పొడవు 1 బైట్ కాదు, 2 బైట్లు.

2. ఫ్రేమ్ విడదీసే ఫంక్షన్ రాయండి

తప్పుల్లో సగం ఇక్కడే పుడతాయి, కాబట్టి నింపాదిగా చేయండి. టీసీపీకి ప్యాకెట్ హద్దులు తెలియవు. కుళాయిలోంచి నీళ్ళు వస్తాయి, బిందెల లెక్క మీది. ఒకసారి చదివితే సగం ప్యాకెట్ రావచ్చు, రెండున్నర కూడా రావచ్చు. “నా దగ్గర ఎప్పుడూ ఒక్కో ప్యాకెటే వస్తోంది” అంటే మీ దగ్గర సిగ్నల్ బాగుందని అర్థం, అంతే.

ప్రతి కనెక్షన్‌కి ఒక బైట్ఎర్రే బఫర్ పెట్టుకోండి. 4096 బైట్ల చొప్పున చదివి దానికి చేర్చండి. తర్వాత లూప్‌లో:

అ) బఫర్‌లో మొదటి రెండు బైట్లు 120 120 (లేదా 121 121) కాకపోతే, ఆ జత దొరికేవరకూ ముందున్నవి పారేయండి. చివరి ఒక్క బైట్ మాత్రం ఉంచండి, అది రాబోయే జతలో మొదటి సగం కావచ్చు.
ఆ) పొడవు బైట్ ఇంకా రాకపోతే ఆగండి.
ఇ) పొడవు 5 కంటే తక్కువైతే అది దొంగ ఆరంభం. ఒక్క బైట్ జరిగి మళ్ళీ (అ)కి వెళ్ళండి. 2 బైట్ల పొడవులకి పై హద్దు 2048 పెట్టండి. లేకపోతే ఎవడో 65535 అని పంపి మీ మెమరీని ఖాళీగా కాపలా కాయిస్తాడు.
ఈ) మొత్తం ప్యాకెట్ రాకపోతే ఆగండి. పారేయకండి.
ఉ) చివరి రెండు బైట్లు 13 10 అయి, సీఆర్‌సీ కుదిరితే ఫ్రేమ్ బయటికివ్వండి. కుదరకపోతే ప్యాకెట్ మొత్తాన్ని దాటెయ్యకుండా ఒక్క బైట్ మాత్రమే జరగండి. పొడవు బైటే చెడిపోయి ఉంటే, మొత్తం దాటేటప్పుడు పక్కనున్న మంచి ప్యాకెట్ కూడా పోతుంది.

13 10 కోసం వెతికి అక్కడ తెంచడం అనే అడ్డదారి చాలా కోడ్‌లలో కనిపిస్తుంది. 13 10 అంటే మామూలు వరుస ముగింపే కదా, రీడ్‌లైన్ వాడేద్దాం అనిపిస్తుంది. వాడకండి. లొకేషన్ ప్యాకెట్‌లో గంట ఒక బైట్, నిమిషం ఒక బైట్ పక్కపక్కనే ఉంటాయి. యూటీసీలో (మన గడియారం కంటే 5:30 గంటలు వెనకుండే అంతర్జాతీయ సమయం) 13:10 అయినప్పుడు ఆ రెండు బైట్లూ సరిగ్గా 13 10 అవుతాయి. అంటే రోజూ సాయంత్రం మన గడియారంలో 6:40కి ఒక నిమిషం పాటు బళ్ళన్నీ మాయమవుతాయి. తేదీ పక్కనే గంట ఉంటుంది కాబట్టి, ప్రతి నెలా 13వ తారీఖున మధ్యాహ్నం 3:30 నుంచి 4:30 దాకా గంటసేపు ఇదే కథ. నెట్‌వర్క్ వాళ్ళని తిట్టేముందు ఇది చూసుకోండి.

ఈ ఫంక్షన్ సాకెట్‌ని ముట్టుకోకూడదు. బఫర్ తీసుకోవాలి, ఫ్రేముల జాబితా ఇవ్వాలి, అంతే. అప్పుడే పరీక్షలు రాయడం తేలిక.

3. సీఆర్‌సీ కుదర్చండి

65535తో మొదలుపెట్టండి. ప్రతి బైట్‌నీ దానితో ఎక్స్ఓఆర్ చేసి, ఎనిమిది సార్లు ఇలా: చివరి బిట్ 1 అయితే ఒక బిట్ కుడికి జరిపి 33800తో ఎక్స్ఓఆర్, 0 అయితే ఊరికే జరపడం. అన్నీ అయ్యాక 65535తో మరోసారి ఎక్స్ఓఆర్. లెక్కలోకి వచ్చేవి పొడవు బైట్ నుంచి వరుస సంఖ్య దాకా. ఆరంభ గుర్తులు రావు. ఫలితంలో పెద్ద బైట్ ముందు పంపాలి.

సరిచూసుకోవడానికి 1 నుంచి 9 దాకా అంకెల అక్షరాలను (బైట్లు 49 నుంచి 57) ఇవ్వండి. 36974 రావాలి. వేరేది వస్తే తప్పు ఎక్కడో అదే చెబుతుంది:

28561 వస్తే చివరి ఎక్స్ఓఆర్ మరిచారు.
8585 వస్తే సున్నాతో మొదలుపెట్టారు, చివరి ఎక్స్ఓఆర్ కూడా లేదు.
10673 లేదా 12739 వస్తే బిట్లు ఎడమకి జరిపే రకం వాడారు. పైథాన్ బైన్ఆస్కీ మాడ్యూల్‌లో సిద్ధంగా ఉన్న సీఆర్‌సీ హెచ్‌క్యూఎక్స్ ఫంక్షన్ ఈ రకమే. అది ఇక్కడ పనికిరాదు.

4. లాగిన్, సెషన్

కనెక్ట్ అవ్వగానే పరికరం ప్యాకెట్ నంబర్ 1 పంపుతుంది. నమూనా (18 బైట్లు):

120 120 13 1 1 35 69 103 137 1 35 69 0 1 140 221 13 10

ఇందులో 1 35 69 103 137 1 35 69 అన్న 8 బైట్లు ఐఎంఈఐ, అంటే పరికరం గుర్తింపు సంఖ్య. ఒక్కో బైట్‌లో రెండు అంకెలు దాక్కుని ఉంటాయి: పై నాలుగు బిట్లు ఒకటి, కింది నాలుగు ఒకటి. పదహారాంశంలో రాస్తే 0123456789012345 అని చదువుకోవచ్చు. ముందున్న సున్నా తీసేస్తే 15 అంకెల ఐఎంఈఐ. దీన్ని పూర్ణాంకంగా కాక అక్షరాల వరుసగానే దాచండి. 8 బైట్లనీ కలిపి ఒకే పెద్ద సంఖ్యగా చదివితే ఏదో నంబర్ వస్తుంది గానీ, స్టిక్కర్ మీదున్న దానితో ఎన్నటికీ కలవదు.

తర్వాత వచ్చే ప్యాకెట్లలో ఐఎంఈఐ ఉండదు. అందుకే కనెక్షన్‌కీ ఐఎంఈఐకీ ముడి మీరే వేసి ఉంచాలి. లాగిన్ కాకుండా లొకేషన్ పంపే కనెక్షన్‌ని మూసేయండి. ఐఎంఈఐ రహస్యమేమీ కాదు, ఈ ప్రోటోకాల్‌లో పాస్‌వర్డ్ లేదు. మీ జాబితాలో ఉన్న ఐఎంఈఐలకే తలుపు తీయండి.

ఇక్కడొక నిశ్శబ్దమైన బగ్ ఉంది. బండి సిగ్నల్ లేని చోటికి వెళ్ళి వస్తే పరికరం కొత్త కనెక్షన్ తెరుస్తుంది. పాతది పోయిన సంగతి మీ సర్వర్‌కి ఇంకా తెలియదు. కాసేపటికి పాతది టైమౌట్ అయి, శుభ్రం చేసే కోడ్ నడిచి, ఆ ఐఎంఈఐ ఎంట్రీని తీసేస్తుంది. అంటే బతికున్న కొత్త కనెక్షన్‌ని పట్టికలోంచి చెరిపేస్తుంది. తీసేముందు “పట్టికలో ఉన్నది నేనేనా?” అని చూసి, అవునంటేనే తీయండి.

5. జవాబు

లాగిన్‌కి జవాబు 10 బైట్లు: 120 120 5 1 0 1 217 220 13 10. ప్యాకెట్ నంబర్, వరుస సంఖ్య రెండూ వచ్చినవే తిరిగి పంపాలి. ఈ 10 బైట్లనే కోడ్‌లో అచ్చంగా రాసి పెట్టేవాళ్ళున్నారు. వరుస సంఖ్య 1 ఉన్నంతసేపూ పనిచేస్తుంది, తర్వాత కొన్ని పరికరాలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు.

హార్ట్‌బీట్ (బతికే ఉన్నానని పరికరం అప్పుడప్పుడూ పంపే ప్యాకెట్) నంబర్ 19. వరుస సంఖ్య 17తో వస్తే జవాబు: 120 120 5 19 0 17 249 112 13 10. మీ జవాబు ఫంక్షన్ ఈ రెండింటినీ బైట్‌కి బైట్ ఇస్తే అది సరైనట్టే.

అలారం (22)కి కూడా జవాబివ్వాలి. లొకేషన్ (18)కి అసలు జీటీ06లో జవాబు అక్కర్లేదు. కొన్ని మోడళ్ళు అడుగుతాయి, పీడీఎఫ్ చూడండి. జవాబు ముందు పంపి, డేటాబేస్ పని తర్వాత చూసుకోండి.

6. లొకేషన్ విప్పడం

నమూనా (36 బైట్లు):

120 120 31 18 11 8 29 17 46 16 207 2 122 199 235 12 70 88 73 0 20 143 1 204 0 40 125 0 31 184 0 3 128 129 13 10

ప్యాకెట్ నంబర్ తర్వాత: సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం, సెకను (2011 ఆగస్టు 29, 17:46:16). 207లో కింది నాలుగు బిట్లు ఉపగ్రహాల సంఖ్య, 15. తర్వాతి 4 బైట్లు అక్షాంశం: 41601003ని 1800000తో భాగిస్తే 23.11167. ఇంకో 4 బైట్లు రేఖాంశం: 205936713 నుంచి 114.40928. ఒక బైట్ వేగం, గంటకు కిలోమీటర్లలో. చివర 2 బైట్లు దిశ, స్థితి: 20 143.

ఆ 20ని బిట్లుగా రాస్తే 00010100. కుడి నుంచి సున్నాతో లెక్కపెడితే, 4వ బిట్ 1 అంటే జీపీఎస్ స్థానం దొరికింది. 3వ బిట్ 0 అంటే తూర్పు. 2వ బిట్ 1 అంటే ఉత్తరం. అవును, తూర్పుకి 0, ఉత్తరానికి 1. రెండింటికీ ఒకే నియమం అనుకుని రాసినవాళ్ళ బళ్ళు సముద్రంలో తేలతాయి. మిగతా 10 బిట్లు దిశ: 143 డిగ్రీలు.

దాని వెంటనే ఉన్న 1 204 అంటే 460, చైనా మొబైల్ దేశ కోడ్. మన సిమ్‌లతో 404 లేదా 405 రావాలి. వేరే ఏదైనా వస్తే మీ బైట్ల లెక్క ఎక్కడో ఒకటి అటూ ఇటూ అయింది. ఇంతకంటే తేలికైన సరిచూపు లేదు.

చుక్క ఎక్కడ పడిందో చూసి తప్పు పట్టుకోవచ్చు. హైదరాబాద్ బండి (17.4, 78.5) అనుకుందాం:
నార్వే పైన, స్వాల్‌బార్డ్ మంచులో పడితే అక్షాంశ రేఖాంశాలు తారుమారయ్యాయి.
జమైకా దగ్గర కరీబియన్ సముద్రంలో పడితే తూర్పు బిట్ తిరగబడింది.
హిందూ మహాసముద్రం మధ్యలో పడితే ఉత్తరం బిట్ తిరగబడింది.
ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖలో పడితే 0, 0 వచ్చింది. స్థానం దొరికిందో లేదో చూడకుండానే గీశారు.

సమయం యూటీసీలో వస్తోందా, స్థానిక సమయంలోనా అన్నది పరికరం సెట్టింగ్ మీద ఆధారపడుతుంది. ఫోన్ గడియారంతో పోల్చండి. 5:30 తేడా ఉంటే యూటీసీ. డేటాబేస్‌లో యూటీసీయే దాచి, చూపించేటప్పుడు మార్చండి.

7. పంపిణీ పట్టిక

ప్యాకెట్ నంబర్‌కి ఎదురుగా ఫంక్షన్ పెట్టిన డిక్షనరీ ఒకటి చాలు: 1, 18, 19, 22. తెలియని నంబర్ వస్తే లాగ్‌లో రాసి వదిలేయండి, కనెక్షన్ తెంచకండి. ఏదైనా ఫంక్షన్ ఎక్సెప్షన్ విసిరితే ఆ ఫ్రేమ్ వరకే పట్టుకోండి. పచ్చి బైట్లతో సహా లాగ్ చేయకపోతే రేపు మీకు పనికొచ్చే ఆధారం ఉండదు.

8. టైమౌట్, మూసివేత

చదివే ప్రతిసారీ అసింక్ఐవోలోని వెయిట్‌ఫర్‌తో గడువు పెట్టండి. మీ పరికరం హార్ట్‌బీట్ వ్యవధికి రెండు మూడింతలు ఉంచితే సరిపోతుంది. రీడ్ ఖాళీ బైట్లు ఇస్తే అవతలివాడు మూసేశాడని అర్థం, లూప్‌లోంచి బయటికి రండి. ఇది రాయకపోతే లూప్ ఖాళీగా తిరుగుతూ సీపీయూ 100 శాతానికి వెళ్తుంది.

9. డేటాబేస్

హ్యాండ్లర్ లోపలి నుంచి మామూలు డేటాబేస్ కాల్ చేయకండి. అసింక్ఐవోలో ఒక కాల్ ఆగితే అన్ని బళ్ళూ ఆగుతాయి. పరిమితి ఉన్న క్యూలో వేసి, వేరే టాస్క్‌తో కొన్ని కొన్నిగా రాయించండి. సిగ్నల్ తిరిగొచ్చినప్పుడు పరికరం దాచుకున్న పాత పాయింట్లు గుంపుగా పంపుతుంది. కాబట్టి ప్యాకెట్‌లోని సమయాన్నే నమ్మండి, వచ్చిన సమయాన్ని కాదు. ఐఎంఈఐ, సమయం కలిపి యూనిక్ కీ పెడితే రెండోసారి వచ్చినవి వాటంతటవే రాలిపోతాయి. “ఇప్పుడెక్కడుంది” అన్న పట్టికని మాత్రం కొత్త సమయం పాతదానికంటే తర్వాతదైతేనే మార్చండి.

10. పరీక్షలు

ట్రాకర్ తగిలించకముందే పై నమూనాలతో ఇవన్నీ దాటాలి:

లాగిన్ 18 బైట్లనీ ఒక్కొక్కటిగా, మధ్యలో విరామంతో పంపండి. సరిగ్గా ఒక్క జవాబు రావాలి.
లాగిన్, లొకేషన్ అతికించి 54 బైట్లు ఒకేసారి పంపండి. రెండు ఫ్రేములు రావాలి.
ముందు 7 చెత్త బైట్లు, వాటిలో చివరిది 120, తర్వాత లాగిన్ పంపండి. వరుసగా మూడు 120లు వస్తాయి. పొడవు 120 అనిపించి మీ కోడ్ ఆగుతుంది. వెనక ఇంకొన్ని ప్యాకెట్లు పంపి 125 బైట్లు నిండాక లాగిన్ బయటపడాలి.
సీఆర్‌సీలో ఒక బిట్ మార్చిన ప్యాకెట్, వెంటనే మంచిది. మొదటిది పోవాలి, రెండోది నిలవాలి.
గంట 13, నిమిషం 10గా మార్చి, సీఆర్‌సీ మళ్ళీ లెక్కగట్టిన లొకేషన్.
లాగిన్ సగంలో కనెక్షన్ తెంపండి. సర్వర్ బతికుండాలి, పట్టికలో చెత్త మిగలకూడదు.

ట్రాకర్ తగిలించాక ఇలా చూడండి

లాగిన్ మళ్ళీ మళ్ళీ వస్తుంటే జవాబు సీఆర్‌సీ తప్పు, లేదా జవాబు వెళ్ళడం లేదు. టీసీపీడంప్‌లో బయటికి పోయే 10 బైట్లు కనిపిస్తున్నాయో లేదో చూడండి.
లాగిన్ అయి, హార్ట్‌బీట్లు వస్తూ, లొకేషన్ రాకపోతే కోడ్‌ని వదిలేసి పరికరాన్ని ఆరుబయట పెట్టండి. గది లోపల జీపీఎస్ పట్టదు.
సుమారు వెయ్యి కనెక్షన్ల దగ్గర కొత్తవి రాకుండా ఆగిపోతే అది ఫైల్ డిస్క్రిప్టర్ల పరిమితి. మామూలుగా అది 1024 ఉంటుంది. సిస్టమ్‌డీ సర్వీస్ ఫైల్లో లిమిట్ నోఫైల్ పెంచండి.
సర్వర్ చిరునామా మార్చే ఎస్ఎంఎస్‌లో ఐపీ బదులు డొమైన్ పేరు ఇవ్వండి. పరికరం ఒప్పుకుంటే రేపు సర్వర్ మారినప్పుడు బండి బండికీ మెసేజ్ పంపే పని తప్పుతుంది.

ఇంజిన్ ఆపే రిలే కమాండ్ (ప్యాకెట్ 128) కూడా ఇదే కనెక్షన్ మీద వెళ్తుంది. దాన్ని అన్నిటికంటే చివర రాయండి. తాజా ప్యాకెట్‌లో జీపీఎస్ స్థానం దొరికి, వేగం సున్నా ఉంటేనే సర్వర్ ఆ కమాండ్ పంపాలి. ఈ షరతు వెబ్ పేజీ బటన్‌లో కాదు, కమాండ్ బైట్లు తయారుచేసే ఫంక్షన్‌లోనే ఉండాలి.